తాళాలు ఎవరి చేతిలో ఉండాలి? స్వానుభవం ఉన్నవారే నడిపే మానసిక ఆరోగ్య సంస్థకు తగిన రూపం

మానసిక అనారోగ్యాన్ని దాటి వచ్చినవారు, ఇంకా దాటుతున్నవారు అయిదారుగురు వారానికొకసారి కలుస్తుంటారు. కొన్నాళ్లకు వారిలో ఎవరో ఒకరు, "మనమే ఒక సంస్థ పెట్టుకుంటే ఎలా ఉంటుంది?" అంటారు. నేను ఆ మాట రెండుసార్లు విన్నాను. మొదటిసారి ఉత్సాహంతో పేరు వెతికాం, కరపత్రం అచ్చు వేయించాం, గది అద్దెకు తీసుకున్నాం. సంస్థ ఎలా నడవాలన్నది మాత్రం మాట్లాడుకోలేదు. రెండేళ్లు తిరగకముందే, అన్నీ తానై నడిపిన మనిషికి జబ్బు తిరగబెట్టింది. బ్యాంకు ఖాతా ఆమె పేరునే ఉంది. గది తాళం ఆమె దగ్గరే ఉంది. సభ్యుల ఫోను నంబర్లు కూడా ఆమె పుస్తకంలోనే ఉన్నాయి. ఆసుపత్రిలో ఆమె పక్కన ఊరికే కూర్చోవలసిన మేము, తాళం ఎక్కడ పెట్టావని అడగడానికి వెళ్లాం. ఆ రోజు గుర్తుకొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రెండోసారి ముందుగా రూపం సంగతి తేల్చుకున్నాం. మీరూ ఆ తేల్చుకునే దశలో ఉంటే, ఈ పోలిక మీ కోసమే.

స్థూలంగా నాలుగు దారులున్నాయి. ఎక్కడా నమోదు కాని చిన్న స్వయం సహాయక బృందం ఒకటి. సభ్యులూ, జీతం తీసుకునే సిబ్బందీ కలిసి నడిపే క్లబ్‌హౌస్ ఇంకొకటి. తామూ మానసిక అనారోగ్యాన్ని అనుభవించి, అదే స్థితిలో ఉన్నవారికి తోడుగా నిలిచే తోటి సహాయకులు ఆసుపత్రి కిందో, పెద్ద స్వచ్ఛంద సంస్థ కిందో పనిచేసే విభాగం మూడోది. పాలకవర్గంలోనూ సిబ్బందిలోనూ స్వానుభవం ఉన్నవారే ఉండే స్వతంత్ర సంస్థ నాలుగోది. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ఎక్కడైనా కుర్చీలు గుండ్రంగానే వేస్తారు, ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు వింటారు. తేడా తెలియాలంటే మూడు సంగతులు అడగాలి. తుది నిర్ణయం ఎవరిది? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఖర్చుకు ఎవరు సంతకం పెడతారు? ఒక సభ్యుడికి గడ్డు రాత్రి ఎదురైతే ఎవరు ఏం చేస్తారు?

తాను స్వయంగా ఆసుపత్రి నిర్బంధాన్ని చవిచూసిన అమెరికన్ ఉద్యమకారిణి జూడీ చాంబర్లిన్ 1978లోనే ఇలాంటి సంస్థలను మూడు రకాలుగా విడదీసి చూపారు. భాగస్వామ్య పద్ధతిలో నిపుణులూ, చికిత్స పొందినవారూ కలిసి పనిచేస్తారు. తోడ్పాటు పద్ధతిలో అనుభవం ఉన్నవారూ లేనివారూ సమానంగా చేరవచ్చు కానీ, నిపుణులకు నడిపించే పాత్ర ఉండదు. వేర్పాటు పద్ధతిలో అనుభవం ఉన్నవారికి మాత్రమే చోటు. భాగస్వామ్యం అని పేరు పెట్టినంత మాత్రాన అధికారం చెరిసగం కాదన్నది ఆమె వాదన. దాదాపు అర్ధ శతాబ్దం గడిచినా, ఎవరైనా నన్ను సలహా అడిగితే నేను మొదట చెప్పేది ఈ విభజన గురించే.

చిన్న బృందం

దీన్ని తక్కువగా చూడకండి. ప్రపంచంలో ఎక్కువ కాలం నిలిచిన తోటివారి సహాయం ఈ రూపంలోనే ఉంది. మద్యపానం నుంచి బయటపడాలనుకునేవారి ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో మొదలైంది. ఆస్ట్రేలియాలో గ్రో అనే సంస్థ 1957లో, మానసిక అనారోగ్యం నుంచి కోలుకుంటున్నవారి చిన్న బృందంగా పుట్టింది. ఎవరికీ వినిపించని గొంతులు తమకు వినిపించేవారి ఉద్యమం నెదర్లాండ్స్‌లో మొదలైంది. ప్యాట్సీ హాగే అనే మహిళ తనకు వినిపించే గొంతులను జబ్బు లక్షణంగా కొట్టిపారేయవద్దని తన మానసిక వైద్యుడు మారియస్ రోమ్‌తో వాదించారు. వారిద్దరూ టీవీలో మాట్లాడాక అలాంటి అనుభవమే ఉన్నవారు వందల మంది స్పందించారు. 1987లో ఉట్రెక్ట్‌లో వారంతా సమావేశమయ్యారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో వెలసిన బృందాలకు కావలసిందల్లా ఒక గది, వినే చెవులు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి పన్నెండు సంప్రదాయాలలో రెండింటిని, మీ సమస్య మద్యం కాకపోయినా, తప్పక చూడండి. బయటివారి విరాళం తీసుకోకూడదన్నది ఒకటి. ఒకరికొకరు చేసే సహాయం ఎప్పటికీ వృత్తి కాకూడదన్నది మరొకటి. డబ్బు రాకపోతే డబ్బు గురించిన తగాదా రాదు. జీతం లేకపోతే హోదా లేదు. ఇంత సరళమైన రక్షణ మిగతా మూడు రూపాలలో దొరకదు.

లోటు ఏమిటంటే, బృందం సమావేశం జరిగే ఆ గంటన్నరకే పరిమితం. మంచం దిగలేని స్థితిలో ఉన్నవారు సమావేశానికి రాలేరు. వారి దగ్గరకు వెళ్లాలంటే సమయం ఉన్నవారు కావాలి, ప్రయాణ ఖర్చు కావాలి. పైగా పిలిచేదీ, గది తెరిచేదీ, ఏడుస్తూ వెళ్లినవారికి మర్నాడు ఫోను చేసేదీ ఎప్పుడూ ఆ ఒక్కరే అవుతారు.

అయినా నా సలహా మారదు. ఏ రూపం ఎంచుకోవాలనుకున్నా, ముందు కనీసం ఒక ఏడాది చిన్న బృందంగా ఉండండి. ఆ ఏడాదిలో సమావేశం నడిపే పనిని నెలకొకరు తీసుకోండి. ఎవరికీ భారం కాకుండా పన్నెండు నెలలు నడిపించగలిగితే, సంస్థను మోయగల భుజాలు మీ దగ్గర ఉన్నట్టే. లేకపోతే ఆ సంగతి అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే తెలిసిపోతుంది.

క్లబ్‌హౌస్

1940లలో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ స్టేట్ ఆసుపత్రిలో ఉండి బయటికి వచ్చిన కొందరు "మేము ఒంటరివాళ్లం కాదు" అని పేరు పెట్టుకుని కలుసుకునేవారు. 1948లో దాతల సాయంతో మన్‌హటన్‌లో ఒక ఇల్లు సమకూరి, ఫౌంటెన్ హౌస్ మొదలైంది. 1955లో జాన్ బేర్డ్ అనే వృత్తి సోషల్ వర్కర్ దానికి డైరెక్టర్‌గా వచ్చారు. ఇప్పుడు ప్రపంచమంతటా కనిపించే క్లబ్‌హౌస్ పద్ధతి ఆయన హయాంలో రూపుదిద్దుకుంది. వచ్చినవారిని రోగులు అనరు, సభ్యులు అంటారు. సభ్యత్వానికి గడువు లేదు. వంట, లెక్కలు, ఫోను, శుభ్రం చేయడం వంటి రోజువారీ పనులన్నీ సభ్యులూ సిబ్బందీ పక్కపక్కన నిలబడి చేస్తారు.

ఏళ్ల తరబడి ఎవరికీ అవసరం లేని మనిషిగా బతికినవారికి ఈ పద్ధతి ఎంత విలువైనదో మాటల్లో చెప్పడం కష్టం. "ఎలా ఉన్నారు?" అని అడిగే చోట్లు చాలా ఉన్నాయి. "మీరు రాకపోతే ఈ రోజు పని ఆగిపోతుంది" అనే చోటు అరుదు. ఉద్యోగం, దినచర్య, నలుగురిలో ఉండటం మీ సభ్యుల ప్రధాన అవసరాలైతే, నాలుగు రూపాల్లో ఇదే మేలు.

కానీ ఆ చరిత్రలో ఒక మలుపును గమనించండి. చికిత్స పొందినవారు తమకు తాముగా మొదలుపెట్టిన బృందం, ఇల్లు సమకూరిన ఏడేళ్లకు ఒక నిపుణుడి సారథ్యంలోకి వచ్చింది. దానివల్ల మంచే జరిగి ఉండవచ్చు, వేలమందికి మేలు కలిగి ఉండవచ్చు. స్వానుభవం ఉన్నవారే నడపాలన్నది మీ ఉద్దేశమైతే మాత్రం, ఆ ఉద్దేశం దానంతటదే నిలవదని తెలుసుకోవడానికి ఈ ఉదాహరణ చాలు. డైరెక్టర్ ఎంపికలో సభ్యుల ఓటు ఉంటుందని నియమావళిలో మొదటి రోజే రాసుకోవాలి. రోజంతా తెరిచి ఉండే భవనం, నెలనెలా జీతాలు కావాలి కాబట్టి, స్థిరమైన నిధి లేకుండా క్లబ్‌హౌస్ ప్రారంభించవద్దు.

ఆసుపత్రి నీడన తోటి సహాయకులు

నేను మూడేళ్లు ఇలాంటి విభాగంలో పనిచేశాను. జీతం సమయానికి వచ్చేది, సెలవులు ఉండేవి, గది అద్దె గురించి ఆలోచించే పని లేదు. అనారోగ్యం వల్ల చదువు ఆగిపోయి, ఉద్యోగం పోయినవారికి ఆ స్థిరత్వం చిన్న విషయం కాదు. సహాయం చేసే మనిషికే ఆ సహాయం వల్ల మేలు జరుగుతుందని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఫ్రాంక్ రీస్‌మన్ 1965లో చెప్పిన సూత్రాన్ని నేను నా ఒంటితో తెలుసుకున్నాను.

అయితే ఏడాది తిరిగేసరికి నా పని మారిపోయింది. మొదట సభ్యులతో మాట్లాడమన్నారు. తర్వాత, మాట్లాడినదంతా రాసి ఇవ్వమన్నారు. ఆ తర్వాత, మందులు వద్దంటున్నవారికి నచ్చజెప్పమన్నారు. ఒక రోజు వార్డులో ఒక కుర్రవాడు నన్ను చూసి, "మీరు మా వాళ్లా, వాళ్ల వాళ్లా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. అక్కడ ఎవరూ చెడ్డవారు కారు. వైద్యులు నన్ను గౌరవంగానే చూశారు. ఆ వార్డు నియమాలు మార్చే సమావేశంలో మాత్రం నాకు కుర్చీ లేదు.

ఫలితాల మాటకొస్తే, 2013లో, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 11 ప్రయోగాలను, మొత్తం 2,796 మంది వివరాలను పరిశీలించింది. స్వానుభవం ఉన్న సహాయకులు అందించిన సేవ, అదే పని చేసే నిపుణుల సేవతో దాదాపు సమానంగా నిలిచింది. అత్యవసర సేవల వాడకం కొద్దిగా తగ్గింది కూడా. "వీరికి ఈ పని చేతనవుతుందా?" అని సందేహించేవారికి ఇది చూపించండి. కానీ ఆ లెక్క సహాయకుల పనిని కొలిచింది తప్ప, సంస్థను ఎవరు నడపాలన్న దాన్ని కొలవలేదు. రెండింటినీ కలిపేసి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు.

ఈ దారి ఎంచుకుంటే కొన్ని షరతులు ముందే రాయించుకోండి. ఒక్కరినే నియమిస్తే ఆ ఒక్కరూ అలంకారంగా మిగిలిపోతారు కనుక, కనీసం ఇద్దరినైనా నియమించాలి. మీ పనిని పర్యవేక్షించే వ్యక్తికీ స్వానుభవం ఉండాలి. సభ్యుడికి చూపించకుండా అతని గురించి ఏదీ రాయరాదు. బలవంతపు చికిత్సలో మీకు ఏ పాత్రా ఉండకూడదు. విభాగాన్ని మూసేసే ముందు, లేదా ఇంకొకరికి అప్పగించే ముందు ఆరు నెలల గడువు ఇవ్వాలి. వీటిలో సగానికి ఒప్పుకున్నా అది మంచి యాజమాన్యమే. ఏ ఒక్కదానికీ ఒప్పుకోకపోతే, మీరు అక్కడ ఉద్యోగం మాత్రమే చేస్తున్నారని స్పష్టంగా అనుకుని చేరండి. అందులో తప్పేమీ లేదు.

స్వతంత్ర సంస్థ

నా మొగ్గు దీనివైపే. మానసిక ఆరోగ్యరంగంలో మన గురించి మనం లేకుండా తీసుకున్న నిర్ణయాలు తగినన్ని చూశాం. వాంకూవర్‌లో 1971లో మొదలైన మెంటల్ పేషెంట్స్ అసోసియేషన్ తన సమన్వయకర్తలను సభ్యుల ఓటుతో ఎన్నుకుంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో 1999లో స్వానుభవం ఉన్నవారు ఒక సంక్షోభ సేవను నెలకొల్పారు. మిగతా తలుపులన్నీ మూసుకునే సాయంత్రం, రాత్రి వేళల్లో డయల్ హౌస్ అనే వారి ఇల్లు తెరిచి ఉండేది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2012లో ప్రారంభమైన అఫియా అనే ఇంట్లో, తీవ్రమైన కలతలో ఉన్నవారు ఏడు రాత్రుల వరకు ఉండవచ్చు. అక్కడి సిబ్బంది అంతా అలాంటి రాత్రులు గడిపి వచ్చినవారే. అలాంటి స్థలాన్ని ఊహించే ధైర్యం, అది అవసరమైనవారికే ముందు వస్తుంది.

కానీ నాలుగింటిలోనూ ఎక్కువ శ్రమ కోరేది ఇదే. కాబట్టి ఇక్కడ కాస్త ఆగి మాట్లాడతాను.

మొదటిది మెజారిటీ. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2006లో ఆమోదం పొందింది. దాని అమలును చూసే కమిటీ 2018లో ఇచ్చిన ఏడో సాధారణ వ్యాఖ్య ప్రకారం, వికలాంగుల సంస్థ అనిపించుకోవాలంటే దాన్ని వికలాంగులే నడపాలి, సభ్యుల్లో స్పష్టమైన మెజారిటీ వారిదే కావాలి. దీర్ఘకాలిక మానసిక వైకల్యం ఉన్నవారూ ఆ ఒప్పందం పరిధిలోకి వస్తారు. పాలకవర్గంలో సగానికి పైగా స్వానుభవం ఉన్నవారు అన్నది కనీస హద్దు. నేనైతే మూడింట రెండు వంతులు అంటాను. అనారోగ్యం వల్ల ఇద్దరు సమావేశానికి రాలేకపోయినా మెజారిటీ చెక్కుచెదరకూడదు. ఎవరిది స్వానుభవం అని తేల్చడానికి వైద్యుడి చీటీ అడగవద్దు. ఆ మనిషి చెప్పిన మాటే చాలు. కుటుంబ సభ్యుల బాధ నిజమైనదే, వారికి పాలకవర్గంలో ఒకటి రెండు స్థానాలు ఇవ్వండి. కానీ వారి అనుభవాన్ని మన అనుభవంగా లెక్కించవద్దు.

రెండోది, నడిపేవారికే జబ్బు తిరగబెట్టడం. దీన్ని ప్రమాదంగా కాక, సంస్థ జీవితంలో మామూలు రుతువుగా చూడాలి. చెక్కుల మీద ముగ్గురికి సంతకం అధికారం ఉండి, ఏ ఇద్దరు పెట్టినా చెల్లాలి. తాళాలు మూడు జతలుండాలి. ప్రతి పదవికీ సహచరుడు ఉండాలి. బాధ్యులలో ప్రతి ఒక్కరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒక కాగితం రాసి పెట్టాలి: నేను బాగా లేనని మీకు ఎలా తెలుస్తుంది, అప్పుడు నాకు ఎవరు చెబితే వింటాను, నా పని ఎవరికి అప్పగించాలి, తిరిగి ఎలా తీసుకుంటాను. ఆ చివరి మాటే అన్నిటికంటే ముఖ్యం. అనారోగ్యంతో పక్కకు తప్పుకున్నవారికి పదవి తిరిగి దక్కుతుందన్న భరోసా లేకపోతే, ఎవరూ తప్పుకోరు, దాచుకుంటారు. మన సంస్థలోనే మన జబ్బును దాచుకోవలసి వస్తే, ఆ సంస్థ ఎందుకు?

మూడోది గడ్డు రాత్రి. "ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది" అని గోడకు రాసి పెట్టడం అందరికీ ఇష్టం. అది పూర్తి నిజం కాకపోతే రాయకండి. చనిపోవాలని ఉందని ఒకరు చెప్పినప్పుడు మీరు ఏం చేస్తారు, ఏ స్థితిలో బయటివారిని పిలుస్తారు, పిలిచే ముందు ఆ మనిషికి చెబుతారా అన్నది చేరిన రోజే ప్రతి సభ్యుడికీ తెలియాలి. మేము దీనిపై నాలుగు సమావేశాలు వాదించుకున్నాం. చావు గురించి మాట్లాడటం వేరు, ప్రాణం తీసుకోవడానికి లేచి వెళ్లడం వేరు అని, మొదటిదానికి భయపడి ఎవరినీ పిలవకూడదని, రెండోదానికి తప్పక పిలవాలని, అది కూడా ఆ మనిషికి చెప్పే పిలవాలని తేల్చాం. మీరు మరో తీర్మానానికి రావచ్చు. కానీ తీర్మానం లేకుండా తలుపు తెరవవద్దు. రాత్రి బస ఉండే ఇల్లు మీ కల అయితే, పగటి సేవను రెండు మూడేళ్లు నడిపాకే అటు కదలండి.

నాలుగోది డబ్బు. సగానికి మించిన నిధి ఒక్కచోటు నుంచే వస్తుంటే, మీ పాలకవర్గంలో కనిపించని సభ్యుడు ఒకరు కూర్చున్నట్టే. గ్రాంటు ఇచ్చేవారు సభ్యుల పేర్లు, జబ్బుల వివరాలు అడిగితే ఇవ్వనని చెప్పగలిగే స్థితిలో ఉండాలి. ఇక జీతాలు. తోటివారి సహాయం సేవాభావంతో చేసేది కదా అని తక్కువ ఇచ్చే అలవాటు మన సంస్థల్లోనూ ఉంది. అదే పని నిపుణుడు చేస్తే ఇచ్చేంత ఇవ్వలేకపోతే, గంటలు తగ్గించండి, మనిషి విలువ తగ్గించకండి. కొన్నిచోట్ల జీతం మొదలైతే ప్రభుత్వ భృతి ఆగిపోతుంది. నియామకానికి ముందే ఆ మనిషితో కూర్చుని లెక్క వేయండి.

మీకు ఏది?

మీరు ఆరుగురికంటే తక్కువ ఉంటే చిన్న బృందమే. ఇద్దరు ముగ్గురే అన్ని పనులూ చేస్తున్నా అదే. సభ్యులకు పగలు గడవడమే కష్టంగా ఉండి, మీకు నిలకడైన దాత దొరికితే క్లబ్‌హౌస్. మీలో చాలామందికి ముందు కావలసింది జీతమైతే, పైన చెప్పిన షరతులతో ఆసుపత్రి విభాగం. మీ చుట్టూ ఉన్న సేవల తీరునే మార్చాలన్నది మీ పట్టుదల అయితే స్వతంత్ర సంస్థ, అదీ కనీసం పదిమంది నమ్మకంగా నిలబడ్డాక. మీలో కొందరికి ఆసుపత్రులపై తీరని కోపం, మరికొందరికి కృతజ్ఞత ఉండవచ్చు. రెండూ నిజమే. ఒకే నియమావళి కింద ఇద్దరూ ఇమడలేకపోతే, రెండు బృందాలుగా ఉండి ఒకరి సమావేశానికి ఒకరు వెళ్లడం, ఒకే సంస్థలో ఉండి పోట్లాడుకోవడం కంటే ఎంతో నయం.

ఒక రూపం నుంచి మరోదానికి మారడం అన్నిటిలోనూ ఒకేలా ఉండదు. చిన్న బృందం సంస్థగా ఎదగడం తేలిక. స్వతంత్ర సంస్థ పెద్ద సంస్థలో కలిసిపోవడం ఇంకా తేలిక. ఆసుపత్రి కింద మొదలైన విభాగం స్వతంత్రంగా బయటికి రావడమే చాలా కష్టం. గది వారిది, ఫోను నంబరు వారిది, సభ్యుల జాబితా కూడా వారిదే అవుతుంది. ఆ దారిలో వెళ్లేవారు ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఒక వాక్యం చేర్పించుకోండి: బయటికి వచ్చేటప్పుడు సంస్థ పేరు, ఫోను నంబరు మాతో వస్తాయి, మాతో రావాలా వద్దా అన్నది సభ్యులే ఎంచుకుంటారు.